షాపు బందైంది.. మిత్తి బంద్ కాలే!

2020 మార్చి 25 నాడు దేశానికి తాళం పడ్డది. మిర్చి బండి ఆగింది. కుట్టు మిషన్ ఆగింది. ఆటో ఆగింది. వారం వారం నడిచే అంగడి ఆగింది. ఆగకుంట నడిచింది ఒక్కటే. అప్పు మీద మిత్తి.

గా పాత ముచ్చట ఇప్పుడెందుకు అని మీరు అడగొచ్చు. గసొంటి కష్టం అదే ఆఖరుది అయితే నేను కూడ తియ్యకపోదును. 2024 సెప్టెంబర్‌ల మున్నేరు పొంగి ఖమ్మంల, బుడమేరు పొంగి విజయవాడల ఇండ్లు, దుకాణాలు మునిగినయ్. కిరాణం సామాను బురదల కలిసింది. సామాను పోయినా దాని మీద తెచ్చిన అప్పు పోలే. రేపు ఇంకో వాన, ఇంకో రోగం, ఇంకో కరువు వస్తది. చిన్న వ్యాపారం చేసుకునేటోళ్లు మల్ల అదే జాగల నిలబడతరు.

అందుకే ఒక ప్రశ్న పెట్టుకుందాం. కష్టం వచ్చినప్పుడు గిరాకి ఆగినట్టే అప్పు కూడ ఆగే తొవ్వ ఎక్కడన్న ఉన్నదా? ఉన్నది. ముస్లిం సమాజంల కొన్ని సంస్థలు మిత్తి లేని చిన్న అప్పులు ఇస్తున్నయ్. వాటిని మనం "వాళ్ల మతం ముచ్చట" అని పక్కకు పెడుతున్నం. పక్కకు పెట్టకుంట జర దగ్గర్నుంచి చూద్దాం. అండ్ల మనకు పనికొచ్చే లెక్క ఒకటున్నది.

ముందు మన లెక్క

లాక్‌డౌన్ పెట్టిన రెండు రోజులకు, మార్చి 27న, రిజర్వ్ బ్యాంకు మారటోరియం ప్రకటించింది. మూడు నెలలు కిస్తు కట్టకపోయినా నడుస్తది అన్నది. మే నెలల ఇంకో మూడు నెలలు పెంచింది. మొత్తం ఆరు నెలలు, ఆగస్టు 31 దాంక. ఊర్లల్ల చానమంది కిస్తు మాఫీ అయిందనుకున్నరు. అది మాఫీ కాదు, వాయిదా. కట్టని ఆరు నెలలకు మిత్తి పడుకుంటనే పోయింది.

ఒక లెక్క చేద్దాం. ఒక అక్క మైక్రోఫైనాన్స్‌ల తీసుకున్న అప్పుల ఇంకా 30 వేలు బాకీ ఉన్నదనుకో. మిత్తి ఏడాదికి 24 శాతం, అంటే నెలకు నూటికి రెండు రూపాయలు. ఆరు నెలలు ఆమె బండి తియ్యలే, రూపాయి సంపాదించలే. అయినా ఆరు నెలల మిత్తి 3,600 రూపాయలు. ఆ మిత్తి మీద మల్ల మిత్తి ఏస్తే ఇంకో 185 రూపాయలు. బండి ఆగిన పాపానికి ఆమె బాకీ 33,785 అయితది.

ఇగ కోర్టు ముచ్చట. మారటోరియం మీద సుప్రీంకోర్టుల పెద్ద కేసు నడిచింది. రెండు కోట్ల లోపు అప్పులకు మిత్తి మీద మిత్తిని తానే కడుతనని 2020 అక్టోబర్‌ల కేంద్రం చెప్పింది. 2021 మార్చిల సుప్రీంకోర్టు, ఎంత పెద్ద అప్పయినా మారటోరియం టైంల మిత్తి మీద మిత్తి ఎయ్యొద్దన్నది. కాని మొత్తం మిత్తి మాఫీ చెయ్యమంటే కుదరదన్నది. టీవీలల్ల "ఊరట" అని పెద్ద పెద్ద అక్షరాలు పడ్డయ్. మన అక్క లెక్కల ఆ ఊరట ఎంత? 185 రూపాయలు. ఆమె నెత్తి మీద ఉండిపోయింది ఎంత? 3,600.

ఇది కాయిదాల మీద నడిచే అప్పు. కాయిదం లేని గిరిగిరి ఫైనాన్స్ ఇంకో తీరు. 10 వేలు అప్పు అంటడు, 9 వేలు చేతిల పెడతడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తడు. వెయ్యి రూపాయలే కద అనిపిస్తది. కాని అసలు రోజు రోజుకు తగ్గుకుంట పోతది కాబట్టి, ఏడాది లెక్క కడితే ఇది సుమారు 75 నుంచి 80 శాతం మిత్తి పడతది. ఆయనకు ఏ మారటోరియం వర్తించదు.

ఈ దెబ్బ మనకు కొత్తది కాదు. 2010ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మైక్రోఫైనాన్స్ సంక్షోభానికి నడిబొడ్డు. ఆ ఏడాది ఎండకాలం పోయినంక హైదరాబాద్ కంపెనీ ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌కు పోయి పదహారు వందల కోట్లకు పైన పైసలు తెచ్చుకున్నది. అదే కాలంల ఊర్లల్ల కిస్తుల వసూళ్ల బాధకు ఆత్మహత్యలైనయని వార్తలొచ్చినయ్. అక్టోబర్ 15న సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత చట్టం చేసింది. వసూళ్లు కూలిపోయినయ్. 2023 ఫిబ్రవరిల తెలంగాణ హైకోర్టు, రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదన్నది. మధ్యల 2022ల రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చి, మిత్తి మీద ముందు ఉన్న పరిమితిని ఎత్తేసింది. అంటే పదమూడేండ్లకు మల్ల మొదటికొచ్చినం.

చేబదులు అంటే మనకు తెల్వదా?

అరబ్బీల "ఖర్జె హసన" అంటరు. మంచి అప్పు అని అర్థం. పది వేలు తీసుకుంటే పది వేలే తిరిగియ్యాలె. తీసుకున్నోనికి నిజంగ ఇబ్బంది అయితే గడువియ్యాలె, విడిచిపెడితే ఇంకా పుణ్యం అనే బోధ ఖురాన్‌ల ఉన్నది. మిత్తి, అంటే "రిబా", తప్పు.

పేరు అరబ్బీదే కాని పద్ధతి మనకు తెల్వనిది కాదు. మన ఊర్ల దాన్నే చేబదులు అంటం. పక్కింటి వదిన దగ్గర రెండు వేలు చేబదులు తెచ్చుకుంటం, పంట పైసలు రాంగనే ఇచ్చేస్తం. చేబదులుకు మిత్తి అడిగితే ఊరంత మొఖాన ఉమ్ముతది. చేబదులుకు ఉన్న లోటు ఒక్కటే. కష్టం ఊరందరికీ ఒక్కసారే వస్తే, వదిన దగ్గర కూడ పైసలుండవు. కరోనాల అయింది గదే.

ఆ చేబదులును ఒక ఇంటి నుంచి, ఒక ఊరి నుంచి బయటికి తీసి, పెద్ద సంస్థగ నడిపితే ఎట్లుంటది? పాకిస్తాన్‌ల లాహోర్‌ల 2001ల గసొంటి పని మొదలైంది. పేరు అఖువత్. అంటే అన్నదమ్ముల తనం. మక్కా నుంచి ఇల్లు వాకిలి ఇడిసి వచ్చినోళ్లను మదీనాల ఉన్నోళ్లు తమ సొంతోళ్ల లెక్క పంచుకున్న కథ నుంచి తీసుకున్న పేరు. పెట్టినాయన డాక్టర్ అమ్జద్ సాఖిబ్. ఆయన డాక్టర్ చదివి, సర్కారు ఆఫీసర్‌గ చేసి, కొలువు ఇడిసిపెట్టినోడు. మొదటి అప్పు 10 వేల రూపాయలు, భర్త చనిపోయిన ఒక ఆడమనిషికి. ఆమె కష్టపడి మొత్తం తిరిగి కట్టింది. ఆ పైసలు ఇంకొకరికి పోయినయ్. గట్ల తిరుక్కుంట పెరిగింది.

20 ఏండ్లకు, 2021ల, అమ్జద్ సాఖిబ్‌కు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అప్పటికి సుమారు 90 కోట్ల డాలర్ల విలువైన అప్పులు, 30 లక్షల కుటుంబాలకు అందినయని అవార్డు ఇచ్చినోళ్లు రాసిండ్రు. తిరిగి కట్టుడు దాదాపు నూటికి నూరు అని ఆ సంస్థ చెప్పుకుంటది. ఆ లెక్కను కొంత తగ్గించి చూసినా, మిత్తి లేకుంట ఇస్తే ఎగ్గొడతరు అన్న మాట మాత్రం నిలబడదు.

ఖర్చు ఎట్ల తగ్గిస్తరో చూడుండ్రి. పెద్ద ఏసీ ఆఫీసులు పెట్టరు. అప్పులు ఇచ్చే కార్యక్రమం మసీదుల పెడతరు, చర్చిల కూడ పెడతరు. తీసుకునేటోళ్లు ముస్లింలే కావాలని లేదు. బంగారం, భూమి కుదువ పెట్టే పని లేదు, తెలిసినోళ్ల పూచీ సరిపోతది. చాన పని వాలంటీర్లు చేస్తరు. అప్పు తీర్చినోళ్లల్ల కొందరు, మేము నిలబడ్డం కాబట్టి ఇంకొకరు నిలబడాలె అని తామే చందా ఏస్తరు.

కష్టకాలంల తేడా యాడ కనబడతది?

మంచి కాలంల 24 శాతం మిత్తికీ, మిత్తి లేని అప్పుకూ తేడా నెలకు కొన్ని వందలే అనిపిస్తది. గిరాకి బాగుంటే ఆ వందలు ఎట్లనో కట్టేస్తం. అసలు తేడా బండి ఆగినప్పుడు బయట పడతది. నాకు కనబడే తేడాలు నాలుగు.

మొదటిది గడియారం. మిత్తి అప్పుల ప్రతి రోజుకు ఒక ధర ఉంటది. ఆదివారం ఉన్నది, జ్వరం దినం ఉన్నది, లాక్‌డౌన్ దినం కూడ ఉన్నది. కరోనాల మన దగ్గర కిస్తు మొత్తం వాయిదా ఏసి మిత్తి నడిపిచ్చిండ్రు. పాకిస్తాన్‌ల అక్కడి స్టేట్ బ్యాంకు ఏడాది దాంక అసలు వాయిదా ఏసుకోనిచ్చింది, కాని మిత్తి కట్టుకుంట పోవాలె అన్నది. దారులు ఏరైనా రెండు దేశాలల్ల మిత్తి అప్పుకు గడియారం ఆగలే. మిత్తే లేని అప్పుకు ఆరు నెలలు గడువిస్తే ఏమైతది? 30 వేలు 30 వేలే ఉంటది. గడువు ఇయ్యనీకి సంస్థకు ధర్మం ఉంటే చాలు, కోర్టుకు పోయే పని లేదు.

రెండోది, తిండి పైసలు వేరు, పెట్టుబడి పైసలు వేరు. చిన్న వ్యాపారం ఎట్ల చస్తదో మీకు తెల్సు. నష్టం కంటే ముందు ఆకలి దాన్ని తింటది. కూరగాయలకు పెట్టిన ఐదు వేలు ఇంట్ల బియ్యానికి, బిడ్డ మందులకు పోతయ్. రేపు మార్కెట్ తెరిచినా సరుకు కొననీకి పైసలుండవు. ఇస్లామిక్ సంస్థల కాడ అప్పు గల్లా ఒక దిక్కు, దానం గల్లా ఒక దిక్కు ఉంటది. జకాత్ అంటే ఉన్నోళ్లు తమ సంపదల ఏడాదికి నూటికి రెండున్నర లెక్కన పేదలకు ఇయ్యాల్సిన హక్కు సొమ్ము. అది తిరిగి అడిగేది కాదు. కష్టకాలంల బియ్యం దానం గల్లాల నుంచి ఇస్తే, ఆ అక్క పెట్టుబడి ఆమె కాడనే మిగుల్తది. మన మైక్రోఫైనాన్స్ కంపెనీకి ఒక్కటే గల్లా. అది వసూలు గల్లా.

మూడోది, మల్ల లేసే అప్పు. బ్యాంకు కాడ కిస్తు తప్పితే సిబిల్ స్కోర్ పడిపోతది. దెబ్బ తిన్నోడు మల్ల లేవాలంటే అప్పు కావాలె, దెబ్బ తిన్నడు కాబట్టి అప్పు రాదు. మనిషిని చూసి, పూచీ ఇచ్చినోళ్లను అడిగి ఇచ్చే అప్పుకు ఆ మిషన్ స్కోర్ అడ్డం రాదు.

నాలుగోది, ధర ముందే తేలుడు. అన్ని ఇస్లామిక్ సంస్థలు ఖర్జె హసననే ఇయ్యవు. కొన్ని "మురాబహా" చేస్తయ్. నీకు కుట్టు మిషన్ కావాలె. సంస్థ 10 వేలకు కొని నీకు 11 వేలకు అమ్ముతది, నువ్వు కిస్తులల్ల కడతవు. ఇండ్ల లాభం ఉన్నది, కాదనను. ఒక్కోసారి ఆ లాభం బజార్ల మిత్తి కంటే తక్కువేం ఉండదు. అయినా 11 వేలు అన్నది ఒక్కసారి తేలినంక, ఆలస్యమైందని అది 12 వేలు కావొద్దు. జుర్మానా ఏసినా అది సంస్థ లాభంల కలువొద్దు, దానానికి పోవాలె. నియమం గది. నియమం తప్పేటోళ్లు ఏ మతంల అయినా ఉంటరు.

హైదరాబాద్‌ల వందేండ్ల కిందటి ముచ్చట

లాహోర్ ముచ్చట చెప్తే కొందరికి కడుపుల తిప్పుతదని నాకు ఎరుకే. గట్లయితే మన ఇంటి ముచ్చటే చెప్త. 1923ల, నిజాం రాజ్యంల, హైదరాబాద్‌ల భూమి బందోబస్తు శాఖల నౌకరి చేసేటోళ్లు కలిసి మిత్తి లేని అప్పుల సహకార సంఘం పెట్టుకున్నరు. పేరు అంజుమన్ ఇమ్దాదె బాహమీ ఖర్జ బిలాసూద్. తెలుగుల చెప్పాలంటే మిత్తి లేని అప్పుల పరస్పర సాయం సంఘం. హైదరాబాద్‌ల పుట్టిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా దీని గురించి లోకానికి రాసిండు. అఖువత్ కంటే 78 ఏండ్ల ముందటి పని ఇది.

పట్నంల 1966ల మొదలైన తూర్ బైతుల్‌మాల్ కూడ గసొంటి తొవ్వల నడిచిందే. బంగారం పెట్టుకొని మిత్తి లేకుంట చిన్న అప్పులు ఇచ్చుకుంట వచ్చింది. ఉత్తరప్రదేశ్‌ల దేవ్‌బంద్ ముస్లిం ఫండ్ 1961ది. 2010ల ఢిల్లీల పెట్టిన సహూలత్ మైక్రోఫైనాన్స్ సొసైటీ, సహకార సంఘాల రూపంల ఈ పనిని కొన్ని రాష్ట్రాలకు తీస్కపోయింది. వీటిల్ల కొన్ని మిత్తి తీసుకోవు గని నడిపే ఖర్చు మేరకు సర్వీస్ చార్జ్ తీసుకుంటయ్.

మరి ఇవి మైక్రోఫైనాన్స్ కంపెనీల లెక్క ఊరూరికి ఎందుకు రాలే? ఒక పెద్ద కారణం చట్టం. మన బ్యాంకింగ్ చట్టం మిత్తి మీద కట్టిన ఇల్లు. 2008ల రఘురాం రాజన్ కమిటీ, మిత్తి లేని బ్యాంకింగ్‌కు కూడ తొవ్వ ఇయ్యాలె అన్నది. రిజర్వ్ బ్యాంకు కొన్నేండ్లు ఆలోచించి, 2017ల ఇగ ముందుకు పోవద్దనుకున్నమని చెప్పింది. అందుకే ఇవి ట్రస్టులుగ, సొసైటీలుగ, సహకార సంఘాలుగ చిన్నగనే మిగిలినయ్. లాభం వచ్చే కంపెనీ షేర్ మార్కెట్‌కు పోతది. లాభం రానిది మసీదు వరండాల ఉంటది.

ఉత్తగ ఏదీ రాదు, ఖర్చు ఎవరన్న మొయ్యాలె

పొగుడుడే పనిగ పెట్టుకుంటే నేను రాసేది కరపత్రం అయితది. ఈ పద్ధతికి ఉన్న కష్టాలు కూడ చెప్పాలె.

గడియారం ఆపుడు ఉత్తగ కాదు. ఆపిన ప్రతి నెల ఎవరికో ఖర్చు. అఖువత్ చందాల మీద మొదలైంది నిజమే. కాని లక్షల మందికి పోయింది సర్కారు పైసలు కలిసినంకనే. 2011ల పంజాబ్ రాష్ట్ర సర్కారు మిత్తి లేని అప్పుల నిధి పెట్టి, పంచే పని అఖువత్‌కు ఇచ్చింది. దానం దారి చూపెట్టింది, ఖజానా దారిని వెడల్పు చేసింది. దానం ఒక్కదాని మీదనే దేశం నడుస్తది అనేటోళ్లు ఈ ముక్కను దాస్తరు.

రెండో కష్టం ధరలది. పాకిస్తాన్‌ల 2022ల పెద్ద వరదలొచ్చినయ్. 2023 మే నాటికి ధరల పెరుగుడు ఏడాదికి 38 శాతం దగ్గరికి పోయింది. గసొంటి కాలంల 10 వేలు అప్పిచ్చి, ఏడాదికి 10 వేలే తీసుకుంటే, ఆ పైసలకు వచ్చే సామాను పోయినేడు కంటే చాన తక్కువ. ఇచ్చిన సొమ్ము మొత్తం తిరిగొచ్చినా గల్లా కరిగినట్టే. నిధిల కొత్త పైసలు పడకుంటే మెల్లగ ఎండిపోతది. దానం ఇచ్చేటోళ్లు కూడ కష్టకాలంల చెయ్యి బిగబట్టుకుంటరు.

మూడోది, అప్పులు చిన్నయి. కూరగాయల బండికి, కుట్టు మిషన్‌కు సరిపోతయ్. ట్రాలీ ఆటో కొననీకి, పది మందిని పనిల పెట్టనీకి సరిపోవు. నాలుగోది, తెలిసినోళ్ల పూచీ అన్నప్పుడు తెలిసినోళ్ల ముందట సిగ్గు కూడ ఉంటది. కష్టంల ఉన్నోన్ని ఆ సిగ్గు ఇంకింత నలుపుతది. మా మహిళా సంఘాలల్ల గ్రూపు ఒత్తిడి ఎట్లుంటదో నేను ఏండ్లుగ చూస్తున్న. మిత్తి లేనంత మాత్రాన ఆ ఒత్తిడి మాయం కాదు.

ఐదోది అన్నిటికంటే పెద్దది, పేరు వాడుకునే మోసగాళ్లు. హలాల్ పెట్టుబడి అని చెప్పి, నెల నెల లాభం ఇస్తమని జనం కాడ డబ్బులు గుంజిన కథలు మన పక్కనే ఉన్నయ్. 2018ల హైదరాబాద్‌ల హీరా గ్రూపు మీద కేసులైనయ్, దాన్ని నడిపినామె అరెస్టయింది. 2019 జూన్‌ల బెంగళూరుల ఐఎంఏ కూలింది, నడిపినాయన దుబాయికి పోయిండు, జూలైల తిరిగొచ్చినంక పట్టుకున్నరు. వేల కుటుంబాల కష్టం చిక్కుల పడ్డది. వీళ్లకూ ఖర్జె హసన సంస్థలకూ తేడా పట్టుడు ఈజీ. ఒకడు నీ దగ్గర పైసలు తీసుకొని ఎక్కువ ఇస్త అంటడు. ఇంకొకడు నీకే పైసలిచ్చి, ఇచ్చినన్నే తిరిగియ్యి అంటడు. మొదటోడు ఏ దేవుని పేరు చెప్పినా, తమ్మీ, నీ ఫోన్‌ల వాని నంబర్ తీసెయ్.

మన దగ్గర ఉల్టా ఉన్నది

ఇగ మన పథకాలు చూద్దాం. మహిళా సంఘాలకు వడ్డీ లేని రుణాలు ఉన్నయ్ కద అంటరు. ఉన్నయ్, మంచిదే. కాని అది నడిచే తీరు చూడుండ్రి. సంఘం ముందు బ్యాంకుకు మిత్తితోని కట్టాలె. కిస్తు తప్పకుంట కడితే సర్కారు ఆ మిత్తిని తర్వాత వాపస్ ఇస్తది. ఆ తర్వాత అనేది ఎన్ని నెలలైతదో, ఎన్నేండ్లైతదో సంఘాల అక్కలను అడిగితే తెలుస్తది. అంటే కిస్తు తప్పనోళ్లకు మిత్తి మాఫీ. కష్టమొచ్చి కిస్తు తప్పినోళ్లకు మిత్తి మెడకు చుట్టుకుంటది. ఎవరికి ఆసరా ఎక్కువ కావాల్నో వాళ్లే పథకం బయట పడతరు. జ్వరం లేనోనికి మందు బిళ్ల ఇచ్చినట్టు.

2020 జూన్‌ల వచ్చిన పీఎం స్వనిధి కూడ చూడుండ్రి. అది మొదలైనప్పుడు వీధి వ్యాపారులకు మొదటి అప్పు 10 వేలు ఉండె, టైంకు కట్టినోళ్లకు 7 శాతం మిత్తి రాయితీ. కొందరికి పనికొచ్చింది. కాని అది కూడ మిత్తి అప్పే, టైంకు కట్టినోళ్లకే రాయితీ. పైగ అది పట్నాలల్ల అమ్ముకునేటోళ్ల కోసం పెట్టింది. ఊర్ల అంగడిల గాజులు అమ్మే అక్క దాని లెక్కల లేదు.

ఖర్జె హసన నియమం దీనికి తలకిందులు. బాగున్నోడు టైంకు కట్టాలె, బాగలేనోనికి గడువు. మన విధానాలు రాసేటోళ్లు నేర్చుకోవాల్సిన పాఠం గదే. దానికి ఎవరూ మతం మారే పని లేదు. నమాజ్ చదివే పని లేదు. మిత్తి తీసుకునే ముస్లిం సేట్లు ఉన్నరు, మిత్తి లేకుంట ఆదుకునే రెడ్డిలు, మాదిగలు, గౌండ్లోళ్లు మన ఊర్లల్ల ఉన్నరు. లెక్క రూలు బుక్కుల ఉండాలె, మనిషి దయ మీద ఉండొద్దు.

గందుకే నేను అడుగుతున్నది మూడు.

ఒకటి సర్కారును. వరద, రోగం, కరువు అని సర్కారే ప్రకటించిన దినాలకు, ఒక లక్ష లోపు చిన్న అప్పుల మీద మిత్తి పడొద్దు. వాయిదా కాదు, పడుడే ఆగాలె. ఆ ఖర్చును ఖజానా కొంత, కంపెనీ కొంత పంచుకోవాలె. పెద్ద కంపెనీల బాకీలను బ్యాంకులు వేల కోట్లల్ల లెక్కల నుంచి కొట్టేసుకుంటున్నయ్. మా అక్క 3,600కు ఖజానాల జాగ లేదా?

రెండు, మండల సమాఖ్యలకు. వసూలైన పైసలల్ల నుంచి కొంత తీసి ఆపద నిధి పెట్టుండ్రి. అండ్ల నుంచి తిండికి ఇచ్చేది తిరిగి అడగొద్దు, పెట్టుబడికి ఇచ్చేదానికి మిత్తి ఎయ్యొద్దు. రెండు గల్లాలు కలపొద్దు.

మూడు మీకు, ఫోన్ల ఇది చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. ఊర్ల ఇరవై మంది దొరకరా? మనిషికి నెలకు 500 ఏస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు. పదిహేను వేల చొప్పున ఎనిమిది మందికి మిత్తి లేని అప్పు. నెలకు 1,500 కడితే పది నెలలకు తీరుతది, ఇంకొకరికి పోతది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995 నుంచి ఉన్నది, దాని కింద రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆస్తి ఎవని పేరు మీద ఉంచొద్దు. నెల నెల లెక్క రాసి గ్రామ పంచాయతీ గోడకు అతికియ్యుండ్రి. అన్నిటికంటే ముఖ్యం, కష్టం రాకముందే రూలు రాసుకోండ్రి. ఎవరికి గడువియ్యాలె, ఎన్ని నెలలు ఇయ్యాలె, మనిషి చనిపోతే బాకీ ఏం చెయ్యాలె అని. కష్టం వచ్చినంక రూలు రాస్తే, గట్టిగ మాట్లాడెటోనికే గడువు దొరుకుతది.

ఇగ ఇప్పటికే మైక్రోఫైనాన్స్‌ల ఉన్న అక్కలకు, అవ్వలకు ఈ ముక్క చదివి వినిపియ్యుండ్రి. రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం పొద్దున 9 గంటలకు ముందు, సాయంత్రం 6 దాటినంక వసూలు కోసం సతాయించొద్దు. తిట్టొద్దు, బెదిరియ్యొద్దు. ఇంటిల్లిపాది అప్పుల కిస్తులన్ని కలిపి నెల ఆమ్దానిల సగం దాటేటట్టు కొత్త అప్పు ఇయ్యొద్దు. ముందుగ కట్టేస్తే జుర్మానా ఎయ్యొద్దు. ఈ నిబంధనలు ఉన్నయని తెల్వకనే చానమంది రాత్రి ఎనిమిదింటికి తలుపు తీస్తున్నరు.

మనం గరీబోళ్లకు అప్పు ఇప్పిచ్చుడే పెద్ద సాయం అనుకుంటున్నం. అప్పు ఎట్ల పుడుతదని అడుగుతున్నం గని, ఆపద వస్తే అది ఎట్ల ఆగుతదని అడుగుతలేం. ఈసారి సంతకం పెట్టేముందు ఆ మాట అడుగుండ్రి. "సార్, నా బండి ఆగితే మీ మిత్తి ఆగుతదా?" జవాబు రాకపోతే, సంతకం ఎవరి బాగు కోసమో మీకే అర్థమైతది.